పాడని రెండు ఉంగరాలు

“నాలుగింటికి కారు బయల్దేరుతుంది. అందులో ఈవిడ ఉంటుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ తదోకోరో. “మీకేమన్నా అడగాలనుంటే ఇప్పుడే అడగండి, ఫుకి గారూ. నిప్పు గురించి మాత్రమే.”

టైము రెండూ నలభై. ఫుకి రెయిన్‌కోటు విప్పి గుంజకు తగిలించింది. కుండలు కాల్చే ఆవం పక్కనున్న ఈ టీ పాక కప్పు మూడు చోట్ల కారుతోంది. మూడు చోట్లా ఎవరో పగిలిన గిన్నెలు పెట్టారు. కుమ్మరుల ఊరు సుయెదాలో పనికిరాని గిన్నెలకు ఎప్పుడూ కరువుండదు.

నిషిగోరి ఫుకి సుయెదా అగ్నిమాపక కేంద్రంలో కారణాలు తేల్చే అధికారి. ఇల్లు కాలినా, గడ్డివామి కాలినా, ఎందుకు కాలిందో రాసి సంతకం పెట్టడం ఆమె పని. నిప్పున్న చోట శవం దొరికితే పోలీసులతోపాటు ఆమె కూడా రావాలని రూలు. ఆ రూలు తదోకోరోకి నచ్చదు. ఆయన జిల్లా కేంద్రం నుంచి నిన్న సాయంత్రం దిగాడు, నల్లటి గొడుగుతో, మడత నలగని ప్యాంటుతో. కుమ్మరుల ఊళ్ళో ఇరవై గంటలు తిరిగినా ఆ ప్యాంటుకి మట్టి అంటలేదు. ఫుకి దృష్టిలో అది కూడా అనుమానించాల్సిన విషయమే.

ఎదురుగా చాప మీద చిగుసా కూర్చుంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. కనుబొమలు సగం కాలిపోయాయి. నెత్తికి నీలం తువ్వాలు ఇంకా కట్టుకునే ఉంది. నిన్న మధ్యాహ్నం ఆమె తండ్రి ఇనొకుమ తెయిజి, ఆవం కింద మట్టి నిలవచేసే మట్టికొట్టులో చచ్చిపడి కనిపించాడు. తల వెనక కట్టెతో ఒకటే దెబ్బ. చూసింది రెండూ పదికి. చచ్చింది పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య అని డాక్టరు రాశాడు.

“ఈవిడ మీద ఏముంది మీ దగ్గర?” అంది ఫుకి.

తదోకోరో వేళ్ళు మడవడం మొదలెట్టాడు. “పొద్దున అందరి ముందూ తండ్రి ఈవిణ్ణి తిట్టాడు.”

“ఆవం కాల్చే రోజు తిట్టని తండ్రి ఈ ఊళ్ళో లేడు. నన్ను మా నాన్న ముప్ఫై ఏళ్ళు తిట్టాడు. తర్వాత?”

“పన్నెండూ పదికి నీలం తువ్వాలు కట్టుకున్న మనిషి మట్టికొట్టు వైపు దిగడం పోస్టావిడ చూసింది.”

“నిన్న ఆవం దగ్గరున్న వాళ్ళంతా నీలం తువ్వాళ్ళే.”

“ఆ టైములో ఆవం దగ్గరున్నదే ఇద్దరు. మిగతావాళ్ళు భోజనానికెళ్ళారు. ఒకరు ఈవిడ, ఇంకొకరు ఈవిడ తండ్రి వాటాదారు సోహెయి గారు.” ఆయన మూడో వేలు మడిచాడు. “పన్నెండున్నరకి ఆవం అవతలి పక్క నుంచి తండ్రి గొంతు విన్నానంటుంది. తండ్రి అప్పటికి అరవై మీటర్ల కింద, మట్టికొట్టులో ఉన్నాడు. అక్కడే పడ్డాడు, అక్కడే పోయాడు, శవాన్ని ఎవరూ కదపలేదు. చనిపోయేవాడు ఇక్కడికొచ్చి మాట్లాడి వెళ్ళాడా? ఇక నాలుగోది. నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు. తండ్రి శవం దొరికింది రెండూ పదికి. ఈవిడ చూసింది, ఏడ్చింది, పైకొచ్చి సాయంత్రం అయిదింటి దాకా కట్టెలు వేసింది.”

“వెయ్యక?” అంది చిగుసా. నోరు విప్పడం అదే మొదలు. “మూడ్రోజుల మంట. ఆఖరి గది. ఆపితే నాన్న చేసినవన్నీ పచ్చిగా ఉండిపోతాయి. నాన్న లేచి వచ్చి తన్నేవాడు.”

తదోకోరో ఫుకి వైపు చూసి కనుబొమలెగరేశాడు. విన్నావా, అన్నట్టు. ఫుకికి అందులో వింత ఏమీ కనపడలేదు. అందుకే ఆమెకు కాస్త దిగులేసింది.

“అయితే కారులో ఎక్కేదాకా నేను నిన్ను...” అంటూ ఫుకి ఆమె వైపు వంగింది.

“అక్కా, నేను సంతకం పెట్టేస్తున్నాను,” అంది చిగుసా.

“దేని మీద?”

“ఆయన రాసినదాని మీద. నేనే చంపానని.” ఆమె కాలిన వేళ్ళ వంక చూసుకుంటూ చెప్పింది. “ఒప్పుకుంటే శుక్రవారం ఆవం విప్పేటప్పుడు నన్ను తీసుకొస్తానన్నారు. ఒప్పుకోకపోతే ఇరవై మూడు రోజులు లోపలే ఉంచుతారట. అప్పటికి ఎవరో విప్పేస్తారు. నాన్న ఆఖరి గిన్నెలు నేను చూడాలి.”

ఫుకి మెల్లిగా తల తిప్పింది. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఇదేనా మీ కేసు? గిన్నెలు చూపిస్తానని ఆశపెట్టి ఉరితాడు చేతికిస్తారా?”

“నేను ఆశపెట్టలేదు. ఆవిడ అడిగింది, నేను కాదనలేదు.” తదోకోరో వాచీ చూశాడు. “డెబ్భై అయిదు నిమిషాలున్నాయి. నిప్పు గురించి మాత్రమే.”

*

సుయెదా ఆవం కొండవాలు మీద మూడు గదులుగా ఎక్కుతుంది. పై గది వెడల్పు ఎక్కువ, అందుకని దానికి రెండు నోళ్ళు, ఎడమొకటి కుడొకటి. రెండు నోళ్ళలోనూ కట్టె ఒకేసారి పడాలి. లేకపోతే మంట ఒక పక్కకి ఒరిగిపోతుంది. మధ్యలో ఆవం వీపు మనిషి కన్నా ఎత్తు. ఇటువాళ్ళకి అటువాళ్ళు కనపడరు. అందుకే పిలుపు. ఎడమవైపు మనిషి కట్టె ఎత్తి “హోయ్!” అంటే, కుడివైపు మనిషి “ఓయ్!” అంటాడు. ఇద్దరూ వేస్తారు. నిన్న ఎడమవైపు చిగుసా, కుడివైపు ఎబారా సోహెయి.

సోహెయి కుడి నోటి దగ్గర బూడిద ఊడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఆవంలో సగం వాటా ఆయనది. చిన్నప్పుడు ఫుకికి మట్టి ముద్దతో పిట్టలు చేసిచ్చిన చెయ్యి ఆయనది. ఇప్పుడా కుడిచెయ్యి కోటు లోపల దాక్కుంది. ఎడమ చేత్తోనే ఊడుస్తున్నాడు.

“ఏంటమ్మా ఫుకీ, ఫైరింజను ఎక్కడ పెట్టావు?”

“కిందనే ఉంది బాబాయ్. నిన్న పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మీరెక్కడున్నారు?”

“ఎక్కడుంటాను? ఇక్కడే. పిల్ల పిలుస్తానే ఉంది, నేను పలుకుతానే ఉన్నాను. అడుగు దాన్నే.”

“అడిగాను. ప్రతి పిలుపుకీ పలికారనే చెప్పింది.”

“మరింకేం?” చీపురు ఆగింది. “అదిగో, ఉంగరాలు కూడా ఉన్నాయి. మనుషులు అబద్ధమాడతారు గానీ ఉంగరాలు ఆడవు. చూసుకో.”

ఫుకి అడగలేదు. ఆయనే చూపించాడు. ఆ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుని ఆమె చూరు కిందకు వంగింది.

మంట లోపల పూత ఎంత కరిగిందో బయట నుంచి తెలియదు. అందుకని మట్టితో చిల్లు గారెల్లాంటి చిన్న ఉంగరాలు చేసి, గిన్నెలకు పూసిన పూతే పూసి, నోటి దగ్గర వరుసగా పెడతారు. పావుగంటకొకటి ఇనప చువ్వతో లాగి చూస్తారు. తీసినదాన్ని పలక మీద, సుద్దతో రాసిన టైము కింద పెడతారు. పదకొండు నుంచి రెండింటి దాకా పదమూడు. ఎడమ పలక మీద పదమూడు, కుడి పలక మీద పదమూడు.

కుడి పలక మీద మొదటిది తెల్లగా పెరుగులా ఉంది. తర్వాతవి ఒక్కొక్కటీ తేటబడుతూ, చివరిది లేత నీలిపచ్చగా మెరుస్తోంది. మధ్యలో లోటు లేదు; పావు తక్కువ ఒంటిగంటది ఒక్కటే కాస్త పసుపు తిరిగింది. పన్నెండుంపావు, పన్నెండున్నర, రెండూ వాటి స్థానాల్లో బుద్ధిగా ఉన్నాయి. మనిషి ఇక్కడ లేకపోతే ఉంగరం దానంతటది బయటికి రాదు. సోహెయి అబద్ధమాడకపోతే ఇక మిగిలింది చిగుసా ఒక్కతే.

అప్పుడు వినపడింది. *టింగ్.*

ఆమె కదలకుండా ఉండిపోయింది. మళ్ళీ, కాస్త పక్కన. *టింగ్.*

కాలిన మట్టి ఒక లెక్కన ముడుచుకుంటుంది, పైన పూత ఇంకో లెక్కన ముడుచుకుంటుంది. రెండింటికీ పొసగక పూత వెంట్రుకంత సన్నగా చిట్లుతుంది. చిట్లినప్పుడల్లా ఒక చిన్న మోత. ఆవం నుంచి వచ్చాక రోజుల తరబడి వినపడుతూనే ఉంటుంది, నెలలు గడిస్తే ఆగిపోతుంది. సుయెదా పిల్లలు ఆ మోత వింటూనే నిద్రపోతారు. గిన్నెలు పాడుతున్నాయంటారు. వినీ వినీ ఊళ్ళో వాళ్ళకి అది వినపడదు కూడా.

ఫుకి మొదటి ఉంగరం తీసి చెవికి ఆనించింది.

“సముద్రం వినపడుతోందా?” వెనక నుంచి తదోకోరో. గొడుగు మీద వాన టపటపలాడుతోంది.

“ఆ గొడుగు ముడవండి.”

“వాన పడుతోంది.”

“మీరేం కరిగిపోరు. ముడవండి. ఫోను కూడా ఆపండి. నోరు కూడా.”

ఆయన ముడిచాడు, బహుశా ఆశ్చర్యంతో. ఫుకి ఒక్కో ఉంగరాన్నీ చెవికి పెట్టుకుని, పాడేదాకా ఆగి, పెట్టేసింది. కొన్ని వెంటనే పలికాయి. కొన్ని రెండు మూడు నిమిషాలు తీసుకున్నాయి. పన్నెండుంపావు ఉంగరం దగ్గర అయిదు నిమిషాలు నిలబడింది. ఏమీ లేదు. పన్నెండున్నర. అయిదు నిమిషాలు. ఏమీ లేదు. తర్వాతది పెట్టగానే పలికింది. ఎడమవైపుకి వెళ్ళి చిగుసా పలక కూడా విన్నది. పదమూడుకి పదమూడూ పాడాయి.

మూడుంపావు దాటింది. సోహెయి ఊడ్చిన చోటే ఊడుస్తున్నాడు.

ఆమె భూతద్దం తీసి ఆ రెండు ఉంగరాలనూ వెలుతురులో పెట్టింది. మిగతా ఉంగరాల మీద చిట్లు గాజులా తేటగా ఉన్నాయి, వెతికితేగానీ కనపడవు. ఈ రెండింటి మీద గోధుమరంగు గీతలు, సాలెగూడులాగా. పాత టీ గిన్నెలకుండే గీతలు. చిట్లలోకి మసి దిగాలంటే నెలలు పడుతుంది.

“బాబాయ్, పోయినసారి ఉంగరాల దండ ఎక్కడ?”

ప్రతి కుమ్మరీ కిందటి ఆవం ఉంగరాలను తాడుకు గుచ్చి పొయ్యి పైన వేలాడదీస్తాడు, మళ్ళీసారి పోల్చి చూసుకోడానికి.

“ఉంది, పాకలో. ఎందుకు?”

ఆమె జవాబివ్వకుండా పాకలోకి వెళ్ళి, దండ దింపి, లెక్కపెట్టింది. పదకొండు. ముడి కొత్తగా కట్టి ఉంది.

*

“రెండు మట్టి గాజులు పాట పాడలేదని ప్రాసిక్యూటర్‌కి చెప్పమంటారా?” అన్నాడు తదోకోరో. టీ పాకలో ముగ్గురే ఉన్నారు. చిగుసా మోకాళ్ళ మీద ఆయన రాసిన కాగితం, పక్కన పెన్ను.

“ఆ రెండూ పోయిన ఆవంలోవి. నిన్న కుడివైపు పావు తక్కువ ఒంటిగంటకి తీసిన ఉంగరం చూడండి, పసుపు తిరిగింది. మంటకి అరగంట తిండి లేకపోతే అలా తిరుగుతుంది. ఆ అరగంటా సోహెయి అక్కడ లేడు. ఉంగరాలు తీసే మనిషి లేకపోబట్టి తర్వాత దండలోంచి సరిగ్గా అదే రంగున్నవి రెండు ఏరి పెట్టాడు. రంగు చూసి ఏరాడు, పనివాడు కదా. చెవి సంగతి మర్చిపోయాడు.”

తదోకోరో వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. అదే ఇబ్బంది.

“సరే. లేడనుకుందాం. మరి ఈవిడ పిలిస్తే పలికిందెవరు? ప్రతి పిలుపుకీ జవాబొచ్చిందని ఈవిడే చెప్తోంది. పలికింది సోహెయి అయితే ఆయన ఆవం దగ్గరే ఉన్నట్టు. పలకలేదంటే ఈవిడ అబద్ధమాడినట్టు. ఏది కావాలో మీరే తీసుకోండి.”

ఫుకి చిగుసా వైపు తిరిగింది. వాన నీళ్ళు గిన్నెలో ఒక్కో చుక్కా పడుతున్నాయి. మూడూ ఇరవై అయిదు.

“చిగుసా, మీ నాన్న గొంతు విన్నానన్నావు. ఏమన్నాడు?”

“‘నా వల్ల కాదు సోహెయీ, ఇక చాలు’ అన్నాడు. బాబాయికి సాయమొచ్చి అలిసిపోయాడేమో అనుకున్నాను.”

“గొంతు ఎలా ఉంది?”

“నాన్న గొంతే.”

“అది కాదు. ఎలా ఉంది? దగ్గరగానా, దూరంగానా?”

చిగుసా కళ్ళు మూసుకుంది. “కూజాలోంచి మాట్లాడినట్టుంది. ముక్కు పట్టేసినట్టు.”

“మరి అప్పుడు బాబాయి ‘ఓయ్’ అన్నది?”

“అదీ అంతే.” ఆమె కళ్ళు తెరిచింది. “అదీ కూజాలోంచే, అక్కా. పొగ మింగాడనుకున్నాను.”

“పన్నెండున్నర దాటాక లోపల ఏమన్నా పేలిందా?”

“పావు తక్కువ ఒంటిగంటకి కాస్త ముందు. టప్, టప్ అని. గిన్నె పగిలిందిలే అన్నాడు బాబాయి. అప్పటికి గొంతు మామూలుగానే ఉంది.”

ఫుకి లేచింది. “ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ప్యాంటుకి ఒక పని. మట్టికొట్టుకి వెళ్ళి గుమ్మంలో నిలబడండి.”

“ఎందుకు?”

“వినడానికి.”

తిట్టుకుంటూనే వెళ్ళాడు. ఆయన కిందకి చేరాక చిగుసా ఎడమ నోటి దగ్గర నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, “హోయ్!” అంది. కొండ మీద పిట్టలు లేచిపోయాయి. ఫుకి, చిగుసా పాకలోకి తిరిగొచ్చిన అయిదు నిమిషాలకి తదోకోరో పైకొచ్చాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

“వినపడింది. నా పక్కన అరిచినట్టే వినపడింది. అయితే?”

“అయితే సోహెయికి కావాల్సింది ఒక్కటే, తన గొంతు కుడి నోటి దగ్గర వినపడటం. కొండలెక్కేవాళ్ళు పట్టుకెళ్ళే చేతి రేడియోలు, వాకీటాకీలు, జతగా దొరుకుతాయి. ఒకటి ఇక్కడ కట్టెల మీద పెట్టాడు, రెండోది జేబులో. కింద నుంచి ఈ పిల్ల పిలుపు చెవులతోనే విన్నాడు, బటన్ నొక్కి పలికాడు. పన్నెండున్నరకి వేలు ఒక్క క్షణం ఎక్కువసేపు నొక్కి ఉంచాడు. ఎదురుగా ఉన్న తెయిజి గారి మాట కూడా ఎక్కి ఇక్కడ పలికింది.”

చిగుసా గోడ పట్టుకుంది. తండ్రి ఆఖరి మాట విన్నది తనే, కట్టె చేతిలో పట్టుకుని, నవ్వుకుంటూ. ఆమెకి అది ఇప్పుడర్థమైంది. ఫుకి ఆమె ముఖం చూడలేక తల తిప్పుకుంది.

“కథ బాగుంది,” అన్నాడు తదోకోరో, ఈసారి వెటకారం లేకుండా. “రేడియోలేవి?”

“ఆవంలో. ఆ టప్, టప్ బ్యాటరీలు. మంట అన్నిటినీ తినేస్తుందని బయటివాళ్ళు అనుకోవచ్చు, కుమ్మరి అనుకోకూడదు. రేడియోలో రాగి తీగలుంటాయి. గాలి చాలని పొగమంటలో రాగి ఆవిరైతే పక్కనున్న పూతని ఎర్రగా మార్చేస్తుంది. ఈ ఆవంలో పెట్టినవన్నీ నీలిపచ్చ గిన్నెలే, రాగి పూత ఒక్కదానికీ లేదు. కుడి నోటి దగ్గర గిన్నెలు ఎర్రబడి ఉంటే...”

“శుక్రవారం చూద్దాం.”

“శుక్రవారం దాకా ఇక్కడ కాపలా ఎవరు? ఆవంలో సగం ఆయనది. ఆయనే విప్పి, ఆయనే ఏరి, ఆయనే పగలగొట్టి పెంకుల దిబ్బలో పోస్తాడు.”

“సీలు వేయిస్తాను.”

“ఎవరి ఆర్డరుతో? ఈవిడ సంతకం మీ చేతిలో ఉంటే కేసు అయిపోయినట్టే కదా. అయిపోయిన కేసుకి సీలెవరిస్తారు?”

తదోకోరో వాచీ చూశాడు. మూడూ నలభై అయిదు. కింద రోడ్డు మీద కారు స్టార్టయిన చప్పుడు.

చిగుసా చాప మీది కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, వాన కారుతున్న గిన్నెలో వేసింది. తర్వాత మూల నుంచి సమ్మెట, పట్టకారు తీసుకుంది.

“చిగుసా,” అంది ఫుకి. “ఇప్పుడు విప్పితే ఏమవుతుందో తెలుసుగా?”

“నీకన్నా తెలుసు. అన్నీ పోతాయి.”

“నలభై ఆరు గిన్నెలు.”

“నలభై ఏడు. ఒకటి నాది.” ఆమె గడప దాటింది. “నిప్పు నీ అధికారం కదా అక్కా. విప్పొచ్చా?”

ఫుకి వేడి కొలిచే యంత్రం చేతిలోకి తీసుకుంది. “విప్పు,” అంది.

*

కుడి నోటిని మూసిన మట్టిని చిగుసా సమ్మెటతో కొట్టింది. సోహెయి చీపురు వదిలేసి వచ్చాడు.

“ఏయ్, ఏం చేస్తన్నావే? పిచ్చా? రెండ్రోజులన్నా ఆరాలి! మీ నాన్న పనే పిల్లా అదంతా!”

“తెలుసు బాబాయ్.”

మొదటి ఇటుక ఊడింది. వేడి బయటికి ఒక్కసారి తన్నుకొచ్చి, వానగాలి లోపలికి దూకింది. ఫుకి చేతిలోని వేడిమి యంత్రం రెండొందల నలభై డిగ్రీలు చూపించింది. సరిగ్గా మట్టి తట్టుకోలేని చోటు. రెండో ఇటుక. మూడోది. లోపల చీకట్లో ఎక్కడో ఒకటి పగిలింది. ఉంగరాల పాట కాదు ఇది, ఎముక విరిగినట్టు. తర్వాత ఇంకొకటి. తర్వాత వరుసగా, వెనక అరల నుంచి ముందు అరల దాకా. చిగుసా ప్రతి చప్పుడుకీ ఒక్కసారి కళ్ళు మూసి తెరుస్తోంది, చెయ్యి మాత్రం ఆపలేదు. అయిదో ఇటుక కింద పడ్డాక ఫుకి టార్చి వేసింది.

ముందు అరలో బూడిద మీద నల్లటి ముద్ద, అందులో సగం మునిగిన రెండు స్ప్రింగులు. దాని చుట్టూ నీలిపచ్చ గిన్నెలు. ముద్ద వైపున్న పక్కంతా ఎరుపు. రక్తపు ఎరుపు కాదు. పండిన పండు లోపలి ఎరుపు, అంచుల్లో గులాబీ అయి, పచ్చలో కలిసిపోతూ.

తదోకోరో వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి కోటు లోపల నుంచి బేడీలు తీశాడు. ఎవరికని ఎవరూ అడగలేదు.

“ఎబారా సోహెయి గారూ...”

సోహెయి ఆయన్ని చూడటం లేదు. చిగుసా పట్టకారుతో బయటికి తీస్తున్న గిన్నెని చూస్తున్నాడు. అరలో అదొక్కటే పగలలేదు. ఆమె దాన్ని తలకిందులు చేసింది. అడుగున సోహెయి ముద్ర ఉంది.

“ముద్ర మీది,” అంది చిగుసా. “అడుగు చెక్కింది నాన్న. ఈ చెక్కుడు కళ్ళు మూసుకుని చెప్తాను. ఎన్నేళ్ళుగా బాబాయ్?”

సోహెయి కోటు లోపల నుంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. అది గాలిలో ఆకులా ఊగుతోంది.

“మూడేళ్ళు,” అన్నాడు. “చెయ్యి ఇట్టా అయిన కాడ్నించి. ఎవురికీ తెలీదు. వచ్చే నెల పెద్దోళ్ళొచ్చి బిరుదు ఇయ్యబోతున్నారు. ఇంకొక్క ఆవం చేసిపెట్టరా అని తెయిజి కాళ్ళు పట్టుకున్నాను. నా వల్ల కాదు, అందరికీ చెప్పేస్తానన్నాడు.”

“అందుకని.”

“అందుకనే.”

చిగుసా ఒక అడుగు ముందుకు వేసింది. పట్టకారు తిప్పి, పొగలు కక్కుతున్న గిన్నెని ఆయన వైపు చాచింది. వాన చినుకులు దాని మీద పడి చుయ్యిమంటూ ఎగిరిపోతున్నాయి.

“మీదే కదా. తీసుకోండి.”

ఫుకికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నాలుగడుగుల దూరం ఉంది. “చిగుసా! వద్దు!” అని అరుస్తూ దూకింది.

పట్టకారు విచ్చుకుంది. సోహెయి రెండు చేతులూ చాచి గిన్నెని అందుకున్నాడు.

చర్మం కాలిన వాసన తదోకోరో దాకా వచ్చింది. ఆయన బేడీలు జారవిడిచి పరిగెత్తాడు. “పడెయ్! పడెయ్యవయ్యా, చేతులు పోతాయి!”

సోహెయి గిన్నెని గుండెకి హత్తుకుని, వాన తగలకుండా దాని మీదకి వంగిపోయాడు. పళ్ళ మధ్య నుంచి మాట ఒక్కో ముక్కా వచ్చింది.

“పడేస్తే... పగిలిపోద్ది... సార్.”